మంచు పడేలోపు బండి పని

నాన్నా,

మొన్న ఫోన్‌లో మీరు "చలికాలం వచ్చేస్తోంది, బండి సంగతి చూసుకున్నావా?" అని అడిగితే, ఆఫీసుకు టైమవుతోందని "ఆఁ, చూసుకున్నాను" అనేశాను. అప్పటికి సగం పనే అయింది. ఇవాళ సెలవు, తీరిగ్గా కూర్చుని మొత్తం రాస్తున్నాను. మీరు కంగారు పడతారని పోయినేడాది చెప్పకుండా ఉంచిన సంగతి ఒకటుంది. ముందు అదే చెబుతాను.

బయల్దేరే ముందు బానెట్ ఎత్తి నీళ్లు చూడడం మీ దగ్గరే నేర్చుకున్నాను కదా. పోయినేడాది ఎండలున్నన్నాళ్లూ కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో కాస్త తగ్గినప్పుడల్లా మంచినీళ్లు పోస్తూ వచ్చాను. వేసవిలో ఏ ఇబ్బందీ రాలేదు. జనవరిలో ఒక రాత్రి మైనస్ 24 డిగ్రీలకు పడిపోయింది. పొద్దున బండి స్టార్ట్ అయింది, రోడ్డెక్కాను. పది నిమిషాలైనా హీటర్‌లోంచి చల్లగాలే వస్తోంది, టెంపరేచర్ ముల్లు మాత్రం పైకి పాకుతోంది. బయట అంత చలి, లోపల ఇంజన్ కాగిపోతోంది! నాకేమీ అర్థం కాలేదు. కానీ "ముల్లు లేచిందా, ఇంకేమీ ఆలోచించకు, పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్" అని మీరు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆపేశాను. ఇంజన్ దక్కింది అందుకేనని తర్వాత మెకానిక్ అన్నాడు. రేడియేటర్లో కూలెంట్ సగం గడ్డకట్టి, రవ్వరవ్వగా అయిపోయి, పారడం లేదు. పరీక్ష చేస్తే, నేను పోసిన నీళ్లకు అది పల్చబడి మైనస్ 15 దాకా మాత్రమే తట్టుకునేలా ఉంది.

అప్పటి నుంచి దాని గురించి చదివాను. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. గ్లైకాల్ ఎక్కువైతే ఇంకా మంచిదేమో అనిపిస్తుంది గానీ, ఉత్త గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. రెండూ కలిస్తేనే ఆ గుణం. నీళ్లు మంచుగా మారేటప్పుడు 9 శాతం దాకా ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి రేడియేటరే కాదు, ఇంజన్ బ్లాకు కూడా పగలొచ్చు. నాకు అంత దాకా రాలేదు, అదృష్టం. ఈసారి అక్టోబరులోనే పాతది తీయించి కొత్తది పోయించాను. ఇది తియ్యగా ఉండే విషం నాన్నా, కింద ఒలికితే కుక్కలూ పిల్లులూ నాకుతాయి. అందుకని చుక్క మిగలకుండా తుడిచేస్తున్నాను.

ఇక బ్యాటరీ. చలికి బ్యాటరీలో జరిగే రసాయన చర్య మందగిస్తుంది. మైనస్ 18 దగ్గర దాని బలం సగానికో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ చిక్కబడి, ఇంజన్ తిప్పడానికి సెల్ఫ్‌కి మామూలు కంటే ఎక్కువ కరెంటు కావాలి. నా బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. ఓల్టేజీ చూస్తే 12.6 ఉంది, నిండుగానే ఉందని సంతోషించాను. కానీ లోడ్ టెస్ట్‌లో, అంటే ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్షలో, నిలవలేదు. మార్పించేశాను. ఇంకో ఏడాది లాగొచ్చు కదా అని మీకనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయితే ఛార్జ్ దిగిపోయిన బ్యాటరీ చలిలో లోపలే గడ్డకట్టి పగిలిపోతుందట. తెల్లవారుజామున చీకట్లో, ఎవరూ లేని పార్కింగ్‌లో ఆ పరీక్ష పెట్టుకోవడం నాకిష్టం లేదు. కొత్తది కొనేటప్పుడు మైనస్ 18లో 30 సెకన్లపాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె దాని మీద చూసి, మా బండి పుస్తకంలో రాసినదానికి తగ్గకుండా తీసుకున్నాను.

టైర్ల పని రేపు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే కిందికి వెళ్తే బిరుసెక్కుతుంది. అప్పుడు మంచు లేని పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. చలికాలం టైర్ల రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, పైన సన్నని గాట్లు లెక్కలేనన్ని ఉంటాయి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ చూసి కొనాలి. ఖర్చు తగ్గుతుందని కొందరు రెండే వేయిస్తారు. ముందువి పట్టుకుని వెనకవి జారితే మలుపులో బండి గిర్రున తిరిగిపోతుంది. నేను నాలుగూ వేయిస్తున్నాను, ఇందులో బేరం లేదు. గాలి కూడా వారం వారం చూడాలి. అయిదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా దాదాపు ఒక పాయింటు (పీఎస్‌ఐ) తగ్గుతుంది. 25 డిగ్రీల ఎండలో 33 పట్టించిన టైరు మైనస్ 15కి వచ్చేసరికి 26 దగ్గరుంటుంది, పంక్చర్ ఏమీ లేకుండానే.

మిగతావి చిన్న పనులు. అద్దం కడిగే ట్యాంకులో మైనస్ 40 దాకా గడ్డకట్టని నీళ్లు పోశాను. వైపర్లు కొత్తవి. తలుపుల రబ్బర్లకు సిలికాన్ పూశాను, లేకపోతే పొద్దున తలుపు అతుక్కుపోయి లాగితే రబ్బరు చిరుగుతుంది. అద్దం మీద మంచు పేరుకుంటే వేడినీళ్లు మాత్రం పోయను, అద్దం పగులుతుంది. హీటర్ వేసి, గీకి తీయడమే.

అమ్మ "మంచులో ఎక్కడైనా ఇరుక్కుపోతేనో?" అని అడిగింది. డిక్కీలో దుప్పటి, పార, ఇసుక సంచి, టార్చి, జంపర్ కేబుళ్లు పెట్టానని చెప్పండి. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వను. అన్నిటికంటే నాకు భయం వేసేది సైలెన్సర్ గొట్టం. అది మంచులో కూరుకుపోయి ఉంటే, ఇంజన్ నడుపుతూ లోపల కూర్చున్నవాళ్ల దగ్గరికి కార్బన్ మోనాక్సైడ్ వచ్చేస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోకి జారుకున్నట్టే ఉంటుంది. అందుకే ఎక్కడ ఆగినా ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తీసి, అప్పుడే మళ్లీ ఇంజన్ వేస్తాను. షెడ్డు తలుపు మూసి ఇంజన్ వేడి చేయడం అసలు చేయను. ఇది అమ్మకు మీరే నెమ్మదిగా చెప్పండి, నేను చెబితే రాత్రంతా నిద్రపోదు.

నాన్నా, ఒక్క సంగతి మిమ్మల్ని అడగాలి. నాలుగు రోజులుగా పొద్దున స్టార్ట్ చేయగానే ఒక నిమిషం బానెట్‌లోంచి కీచుమని సన్నగా అరుస్తోంది, ఇంజన్ వేడెక్కాక ఆగిపోతోంది. బెల్టు బిగుతు తగ్గిందా, అరిగిపోయిందా? రేపు టైర్లతో పాటు అది కూడా చూపిస్తాను. రేపు పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు వీడియో కాల్ చేస్తాను, మీరొకసారి విని చెప్పండి.

మీ అమ్మాయి