చిన్నదాని మొహం జాగ్రత్త

అమ్మకు,

నేను ఇక్కడ క్షేమం. మీరంతా అక్కడ క్షేమమని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆ మాత్ర తిన్న తర్వాతే వేసుకోమను, తినకముందు కాదు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోన్లో చెబితే నువ్వు స్పీకర్ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతావు, చిన్నది "సరే అక్కా, సరే అక్కా" అని పెట్టేస్తుంది. కాగితమైతే ఫ్రిజ్‌కి అంటించుకోవచ్చు. ఆఫీసు సంగతి అడక్కు. సెలవు రాదని తేలిపోయింది. రెండుసార్లు అడిగాను, మూడోసారి అడగను.

మొన్న వీడియోలో చూసి "మొహం పీక్కుపోయింది" అన్నావు. పీక్కుపోలేదమ్మా. ఇక్కడ రోజంతా హీటర్ వేసుకుని కూర్చుంటాం, ఆ పొడి గాలికి బుగ్గల మీద పొట్టు లేస్తోంది, అంతే. స్నానం కాగానే ఒళ్లు తడారకముందే క్రీము రాసుకుంటున్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను. ఆ మాట ఇక వదిలెయ్.

ఇప్పుడు అసలు సంగతి. చిన్నదాని పెళ్లి ఇంకా 5 వారాలుంది. మేకప్ అమ్మాయిని మాట్లాడేశాం కాబట్టి మిగతాదంతా ఆమె చూసుకుంటుందని మీరు నిశ్చింతగా ఉన్నారు. మేకప్‌తో మచ్చ దాగుతుంది, పొట్టు దాగదు. ఫౌండేషన్ పోయి పోయి ఆ పొట్టునే పట్టుకుంటుంది. చర్మం పైపొర మారడానికి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే ఏం మొదలుపెట్టినా ఇప్పుడే పెట్టాలి. పెద్దగా ఏమీ వద్దు. రెండు పూటలా ఘాటు లేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. నిమ్మకాయలూ వంటసోడాలూ మొహం దాకా రానివ్వకు.

అత్తయ్య ఇచ్చిన క్రీము గురించి చెప్పావు కదా, వారంలో తెల్లబడుతుందని. ఆ ట్యూబు వెనక చదివించు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. మొదట్లో మొహం నిగనిగలాడుతుంది. వాడగా వాడగా చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మొటిమలొస్తాయి, లేని చోట వెంట్రుకలొస్తాయి. చిన్నది ఇంకా మొదలుపెట్టకపోతే అలాగే మూత పెట్టేయండి. ఇప్పటికే కొన్నాళ్లుగా రాస్తుంటే మాత్రం మీ అంతట మీరు ఠక్కున మానేయకుండా స్కిన్ డాక్టర్‌కి చూపించండి. ఆపగానే మంట, ఎరుపు రెట్టింపై తిరగబడొచ్చు. నేనన్నానని అత్తయ్యతో అనకు. పోనీ అను, ఏమైతే అదైంది.

నీకో సంగతి దాచాను. పోయినేడు నా ఫ్రెండ్ పెళ్లి ఫోటోలు పంపలేదేమని అడిగితే ఫోన్ పాడైందన్నాను. పాడవలేదు. ఆ రోజుల్లో రాత్రిళ్లు రెటినాల్ అని, పైచర్మాన్ని సున్నితం చేసే క్రీము రాసుకునేదాన్ని. పెళ్లికి ముందురోజు పార్లర్‌కి వెళ్లాను, ఆ మాట నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. పై పెదవి మీద వ్యాక్స్ పట్టీ లాగితే వెంట్రుకలతో పాటు చర్మమూ లేచొచ్చింది, చిటికెన వేలి గోరంత. అది చాలదన్నట్టు ఫేషియల్ కూడా చేయించుకున్నాను. మర్నాడు మేకప్ కుర్చీలో ఆ పచ్చి చోట ఫౌండేషన్ తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లకి కంటి మేకప్ కారింది, మళ్లీ మొదటినుంచి వేశారు. ఫోటోలన్నిట్లో పెదవి మీద మట్టిపెళ్ల అతికించినట్టుంది. నువ్వు చూస్తే ఏడుస్తావని పంపలేదు.

అందుకని చిన్నదానికి గట్టిగా చెప్పు. ఫేషియల్ కావాలంటే పెళ్లికి రెండు వారాల ముందే, అదీ ఇదివరకు చేయించుకుని పడిందైతేనే. థ్రెడింగ్, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందు. రెటినాల్ లాంటివి రాస్తుంటే వ్యాక్సింగ్‌కి కనీసం వారం ముందు ఆపాలి. ఆఖరి వారంలో కొత్త సబ్బు కూడా వద్దు. మొటిమ వస్తే గిల్లొద్దని చెప్పు, దానికి చేతులు ఊరుకోవు. మొటిమ మీద రంగు వేసి దాచొచ్చు, గిల్లితే కట్టే పక్కు మీద ఏదీ నిలవదు.

చిన్నప్పుడు బెలూన్ ఊదితే దాని పెదాలు వాచేవి, గుర్తుందా? అందరం నవ్వేవాళ్లం. అది లేటెక్స్, అంటే రబ్బరు పాలు, పడకేమో. కనురెప్పలకి అతికించే కొన్ని జిగురుల్లో, కొన్ని మేకప్ స్పాంజీల్లో కూడా లేటెక్స్ ఉంటుంది. ఈ బెలూన్ కథ మేకప్ అమ్మాయికి తప్పకుండా చెప్పాలి, డాక్టర్‌ని కూడా ఒక మాట అడగండి. మిగతా సామానులో కొత్తవి ఏవైనా ఉంటే ముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడమను.

పెళ్లికి ముందు ఒకసారి మేకప్ వేయించి చూసుకునే ట్రయల్ దండగ అని నాన్న అన్నారట. దండగ కాదని చెప్పు. ట్రయల్ రోజున కిటికీ దగ్గర పగటి వెలుతురులో దవడ, మెడ కలిపి చూడాలి, లోపలి లైట్లని నమ్మకూడదు. ఫ్లాష్ వేసి ఒక ఫోటో కూడా తీయాలి. జింక్, టైటానియం ఉన్న సన్‌స్క్రీన్లకి, కొన్ని పౌడర్లకి ఫ్లాష్‌లో మొహం సున్నం కొట్టినట్టొస్తుంది, అద్దంలో తెలియదు. పెళ్లి బట్టల ఫోటో, తనకి నచ్చిన మేకప్ ఫోటోలు రెండు మూడు తీసుకెళ్లాలి. నలభై చూపిస్తే ఆ అమ్మాయికేం అర్థమవుతుంది? మస్కారా పుల్ల దీనికి కొత్తది తీయాలి, లిప్‌స్టిక్ ప్లేటులో తీసుకుని బ్రష్షుతో వేయాలి. అడగడానికి మొహమాటమైతే నువ్వడుగు. నీకు లేదుగా.

పిన్ని వాళ్లు ముందురోజే వస్తున్నారా? అయితే చిన్నదాన్ని వేరే గదిలో పడుకోబెట్టు. మనింట్లో కబుర్లు రెండింటి దాకా సాగుతాయి. నిద్ర లేక ఉబ్బిన కళ్లకి మేకప్ ఏం చేస్తుంది పాపం?

పొద్దున కడుపునిండా ఏదైనా పెట్టు. రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి, ఖాళీ కడుపుతో కళ్లు తిరుగుతాయి. మొహం కడుక్కుని, రోజూ రాసే మాయిశ్చరైజరే రాసి, ఓ 15 నిమిషాలు ఇంకనివ్వాలి. నూనె వద్దు, ఫౌండేషన్ జారిపోతుంది. కళ్లలో లెన్సులు మేకప్‌కి ముందే పెట్టుకోవాలి. తలస్నానం ముందురోజా, ఆ రోజా అన్నది జుట్టు వేసే ఆమెనే అడగండి.

నువ్వు కూడా కూర్చో ఆ కుర్చీలో. వద్దు, పౌడర్ చాలంటావని తెలుసు. కనీసం పౌడర్ కింద మాయిశ్చరైజర్ రాసుకో, లేకపోతే గీతల్లో దిగబడుతుంది. అందరూ నన్ను అడుగుతారు, పెద్దది రాలేదేమని. రాలేదని చెప్పు చాలు, నా తరఫున సంజాయిషీలు ఇవ్వకు.

ఇంకొకటి. మేకప్‌కి కూర్చునేటప్పుడు తల మీదుగా విప్పే టీషర్టు వేసుకోకూడదు, అంతా చెరిగిపోతుంది. ముందు గుండీలున్న చొక్కా కావాలి. నా నీలం గళ్ల చొక్కా బీరువా కింది అరలో ఉంటుంది, ఎవరికీ ఇచ్చేయకపోతే. అది వేసుకోమను. రెండో గుండీ ఊడిపోయింది, కుట్టిపెట్టు.

నీ
పెద్దది