కర్ణుడి పక్షాన వాదిస్తున్న అమ్మాయికి

చిరంజీవి హారికకు నాన్న ఆశీస్సులు.

కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని నీకూ మీ బాబాయి కొడుక్కీ జరిగిన వాదం మాటలు మానుకునేదాకా వెళ్ళిందని మీ అమ్మ చెప్పింది. 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' విడుదలైనప్పటి నుంచి చాలా ఇళ్ళలో ఇదే తగవు కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇది మీ తరంతో మొదలైనదీ కాదు. 1977 సంక్రాంతికి, జనవరి 14న, 'దానవీరశూరకర్ణ', 'కురుక్షేత్రం' ఒకే రోజున విడుదలయ్యాయి. మొదటిదానిలో ఎన్.టి. రామారావు తానే కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ కాగా, రెండవదానిలో కృష్ణ అర్జునుడిగా, కృష్ణంరాజు కర్ణుడిగా నటించారు. ఆ కృష్ణంరాజు తమ్ముడి కొడుకు ప్రభాసే ఇప్పుడు 'కల్కి'లో నీ కర్ణుడు. అందుకే ఈ వాదంలో సగం కురుక్షేత్రానిది కాదు, థియేటరుదని నా అనుమానం.

నీవు కర్ణుడి వైపు నిలవడం నాకు అభ్యంతరం కాదు. పుట్టగానే ఏటిపాలై, అస్త్రవిద్య చూపబోతే కులమేదని అడిగించుకున్నవాడి మీదికి మనసు పోకపోతేనే వింత. అయితే నీవు వాడికి పంపిన సందేశాలు చదివితే, కర్ణుడు ఎన్నడూ ఓడలేదు, ఎన్నడూ తప్పు చేయలేదు. అడవిలో ఉన్న పాండవుల ముందు వైభవం చూపుకోవడానికి దుర్యోధనుడు వెళ్ళిన ఘోషయాత్రలో గంధర్వుల చేతిలో రథం పోగొట్టుకుని వికర్ణుడి రథమెక్కి తప్పించుకున్న కర్ణుడు వాటిలో లేడు. నిండు సభలో ద్రౌపదిని నోటికి రాని మాట అని, ఆమె వలువలు ఒలవమని దుశ్శాసనుడికి చెప్పిన కర్ణుడూ లేడు.

వ్యాసుడి ఉద్యోగపర్వంలో ఒక ఘట్టం ఉంది. రాయబారం విఫలమై తిరిగి వెళుతున్న కృష్ణుడు కర్ణుడిని తన రథంలో ఎక్కించుకుని, జన్మరహస్యం చెప్పి, పాండవుల వైపు రమ్మంటాడు. పెంచిన రాధను, అధిరథుడిని, ఆదరించిన దుర్యోధనుడిని విడిచి రాలేనంటాడు కర్ణుడు. ఈ సంగతి ధర్మరాజుకు తెలియనివ్వవద్దని కోరతాడు. తెలిస్తే అతడు రాజ్యం నాకే ఇస్తాడు, నేను దానిని దుర్యోధనుడి చేతిలో పెడతాను, రాజు కావలసినవాడు ధర్మరాజే అంటాడు. దుర్యోధనుడిని మెప్పించడానికి పాండవులను పరుషంగా మాట్లాడినందుకు ఇప్పుడు బాధపడుతున్నానని కూడా అంటాడు. తన పక్షం ఓడుతుందని తెలిసి, దాని తప్పూ తెలిసి, అయినా అక్కడే నిలిచిన మనిషి అతడు. కర్ణుడు తన నోటితో ఒప్పుకున్నదానిని కర్ణుడి అభిమానులు ఒప్పుకోకపోతే ఇక మిగిలేది పోస్టరే కానీ కర్ణుడు కాదు.

మీ తమ్ముడూ తక్కువ తినలేదు. ఏకలవ్యుడి బొటనవేలు పోవడానికి ఎవరి అసూయ కారణమో, సాత్యకితో పోరాడుతున్న భూరిశ్రవసుడి చేయి నరికినదెవరో వాడి అర్జునుడికి తెలియదు. ఆ సంగతి వాడికి విడిగా వ్రాస్తాను.

నాకు నిజంగా కష్టం కలిగించినది వేరు. కర్ణుడిని పుట్టుక పేరుతో అవమానించారని కంటతడి పెట్టేదానివి, పల్లెటూరి బడిలో చదివినవాడికి భారతం ఏం తెలుస్తుందని వాణ్ణి అన్నావట. అస్త్రవిద్యా ప్రదర్శననాడు కృపాచార్యులు కర్ణుడిని కులమేదని అడిగిన ప్రశ్నకూ దీనికీ తేడా నాకు కనిపించలేదు. ఇది చదివిన వెంటనే వాడికి ఫోను చెయ్యి. దసరాకు మీరిద్దరూ వచ్చేసరికి, తిరుమల తిరుపతి దేవస్థానం వారు వ్యాఖ్యానంతో వేసిన తిక్కన ఉద్యోగపర్వం అటక మీద నుంచి దింపి ఉంచుతాను.

మీ నాన్న