ఊరి పేరే జాతి పేరైన వైనం

సంపాదకులకు నమస్కారం.

రష్యా దక్షిణ అంచున ఉన్న కాకసస్ పర్వత ప్రాంత ప్రజల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో ‘చెచెన్’, ‘ఇంగుష్’ అనేవి రష్యన్లు అంటగట్టిన పేర్లనీ, ‘వైనాఖ్’ అన్నదే ఆ జనం ప్రాచీన నామమనీ రాశారు. మొదటి మాటలో కొంత నిజముంది గానీ రెండోది సరికాదు.

చెచెన్ అన్న పేరు అర్గున్ నది ఒడ్డునున్న చెచెన్-ఔల్ అనే ఊరి నుంచీ, ఇంగుష్ అన్నది అంగుష్ట్ గ్రామం నుంచీ వచ్చాయని సాధారణంగా చెబుతారు. 16, 17 శతాబ్దాల రష్యన్ పత్రాలు ఈ జనాన్నంతటినీ ఒకే పేరుతో పిలవలేదు. ఒకోకులు, మిచ్‌కిజులు అంటూ తమకు తారసపడిన ఒక్కో సమూహాన్నీ విడిగా రాసుకున్నాయి. ఊరి పేరు జాతి మొత్తానికీ పాకింది ఆ తరువాతే. అంగుష్ట్ సంగతి మరీ విచిత్రం. 19వ శతాబ్దం మధ్యలో ఇంగుష్‌లను అక్కడి నుంచి తరలించి తార్‌స్కాయా అనే కొసాక్కుల (రష్యా సరిహద్దుల్లో స్థిరపడిన సైనిక సమూహం) స్థావరాన్ని నెలకొల్పారు. ఆ చోటు నేడు పొరుగు గణతంత్రమైన ఉత్తర ఒసేతియాలో ఉంది. జాతికి పేరిచ్చిన ఊరు వారి గణతంత్రమైన ఇంగుషేతియా సరిహద్దుకు ఆవలే మిగిలిపోయిందన్నమాట.

రష్యన్ల కంటే ఎంతో ముందే జార్జియన్లు వీరికి పేర్లు పెట్టారు. వారి మధ్యయుగ చరిత్ర గ్రంథాల్లో వీరు ‘దుర్జుక్’లు, జార్జియన్ల ప్రాచీన రాజు ఫర్నవాజ్ పెళ్లాడింది దుర్జుక్ స్త్రీనేనని అవి చెబుతాయి. తరువాతి కాలంలో ‘కిస్తి’, ‘ఘ్లిఘ్వి’ అన్నారు. ఈ రెండో పేరులో ఇంగుష్‌లు తమను తాము పిలుచుకునే ‘ఘల్ఘాయ్’ వినిపిస్తూనే ఉంది కనుక బయటివారు పెట్టిన ప్రతి పేరునూ పరాయిదని కొట్టిపారేయలేం. చెచెన్ల సొంత పేరు ‘నోఖ్చీ’.

ఇక ‘వైనాఖ్’. ‘నాఖ్’ అంటే జనం, ‘వై’ అంటే మన. అది వినేవారిని కలుపుకునే ‘మన’, వేరుచేసే ‘మా’ కాదు. (ఈ తేడా తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.) తమలో తాము అనుకోవలసిన ఆ మాట, చెచెన్, ఇంగుష్‌లకు ఉమ్మడి జాతినామంగా ప్రచారంలోకి వచ్చింది 20వ శతాబ్దంలో. జార్జియాలో ఉంటూ వీరి భాషల కుటుంబానికే (నాఖ్) చెందిన భాష మాట్లాడే బాత్స్ ప్రజలను సాధారణంగా అందులో చేర్చరు కూడా.

చెచెన్, ఇంగుష్ అని రాయడంలో తప్పులేదు. చెచెన్యా, ఇంగుషేతియా గణతంత్రాల అధికారిక రష్యన్ పేర్లలోనూ ఆ మాటలే ఉన్నాయి. అయితే ఇలాంటి వ్యాసాల్లో మొదటి ప్రస్తావన దగ్గర నోఖ్చీ, ఘల్ఘాయ్ అన్న పేర్లను కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు