పట్టపగలు డీజిల్ మోత: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ప్రభుత్వ భవనాల మీది సోలార్ పలకలు కరెంటు పోయినప్పుడు కూడా పనికొచ్చేలా బ్యాటరీ, తగిన ఇన్వర్టర్ పెట్టించమని కన్నడంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. మళ్లీ తెలుగులో రాయడం ఎందుకంటే, బెంగళూరులో దుకాణాలు, భవనాలు నడుపుకుంటున్న మావాళ్లు కూడా చదివి, తమ మిద్దె మీద ఏముందో ఒకసారి ఎక్కి చూసుకుంటారని.

మార్తహళ్లి దగ్గర నాకు మూడంతస్తుల భవనం ఉంది. కింద మందుల దుకాణం, పైన రక్తపరీక్షల ల్యాబు, ఆ పైన ట్యూషన్లు. మిద్దె మీద 10 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించాను. ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పైన నిప్పులు చెరిగే ఎండ, లోపల చీకటి, వెనక సందులో డీజిల్ తాగుతూ జనరేటర్. పలకలు బిగించినవారికి ఫోను చేస్తే ‘అది అంతేనండి’ అన్నారు. నిజంగానే అది అంతే. డబ్బు తీసుకునే ముందు ఆ ముక్క చెప్పలేదన్నదే నా కోపం.

పలకల కరెంటును మనం వాడుకునే కరెంటుగా మార్చే పెట్టె ఇన్వర్టర్. గ్రిడ్‌కు, అంటే వీధి లైనుకు, కలిపిన మామూలు ఇన్వర్టర్ ఆ లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఆగాలి కూడా. లేకపోతే మన మిద్దె కరెంటు వీధి తీగలోకి పాకి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. భవనాన్ని వీధి తీగ నుంచి విడదీసి లోపలి వరకే కరెంటు నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి తోడు బ్యాటరీ ఉంటేనే ఆ ఎండ మనకు అక్కరకొస్తుంది. ఈ రెండూ లేకుండా ప్రభుత్వ భవనాల మీద పరిచిన పలకలు బిల్లు తగ్గిస్తాయి, కాదనను. కరెంటు పోయిన పూట మాత్రం నాలాగే నోరు తెరుచుకుని ఆకాశం చూడాలి.

పురపాలక భవనాలు మీ శాఖ కింద లేవని తెలుసు. అయినా ఆ శాఖవారిని పిలిచి కూర్చోబెట్టగలిగేది మీరే. మొదట వార్డు ఆరోగ్య కేంద్రాలను తీసుకోండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. టీకాల ఫ్రిజ్, కంప్యూటర్, నాలుగు లైట్లు, ఫ్యాన్లు కలిసి ఒక కిలోవాటు వాడాయనుకుందాం. నాలుగు గంటలకు 4 యూనిట్లు. అందుకు 5 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సరిపోతుంది. పాత సీసం బ్యాటరీ అయితే సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది కాబట్టి రెట్టింపు పెద్దది కావాలి. మంచి ఎండ రోజున కిలోవాటు పలకలు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనది. మితిమీరిన వేడి పలకలకూ, బ్యాటరీలకూ పడదు కాబట్టి ఈ చల్లదనం మనకు కలిసొచ్చిన అదృష్టం.

మా అమ్మగారిది తుమకూరు జిల్లా పావగడ తాలూకా. ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో కన్నడం. అక్కడి రైతులు భూములు అమ్మకుండా కౌలుకిచ్చి 2,050 మెగావాట్ల సోలార్ పార్కుకు చోటిచ్చారు. ఆ కరెంటు కూడా పొద్దు గూకితే ఆగిపోయేదే, నగరానికి అవసరం పెరిగేదేమో అప్పుడే. పగటి ఎండను సాయంత్రానికి దాచిపెట్టే పని అక్కడా ఉంది, ఇక్కడ ప్రతి మిద్దె మీదా ఉంది.

టెండర్ల సంగతి ఒకటి. ఎన్ని కిలోవాట్లు బిగించారన్న దానికి కాకుండా, ఏటా ఎన్ని యూనిట్లు వచ్చాయి, కరెంటు పోయినప్పుడు ఎన్ని గంటలు నిలబెట్టాయి అన్న దానికి డబ్బు చెల్లించండి. అప్పుడు పలకల దుమ్ము తుడిచే మనిషి కూడా దొరుకుతాడు. మా పక్క స్థలంలో ఆరంతస్తులు లేచి నా పలకల్లో మూడోవంతు మధ్యాహ్నం మూడింటికే నీడలోకి పోతున్నాయి. పలకలు పెట్టే ముందు పక్క ఖాళీ స్థలాన్ని కూడా చూడమనండి.

పోయిన ఏడాది హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టించాను. ల్యాబు ఫ్రిజ్, మందుల దుకాణం ఇప్పుడు ఆగడం లేదు. జనరేటర్‌ను అమ్మలేదు, లిఫ్టు కదిలే క్షణంలో లాగే కరెంటును నా ఇన్వర్టర్ తట్టుకోలేదు.

ఇట్లు,
మార్తహళ్లి నుంచి ఒక కరెంటు వినియోగదారుడు