అదనపు పెట్రోలుకు ఉక్కు డబ్బాలను అనుమతించాలి

సంపాదకులకు నమస్కారం.

జూన్ వచ్చిందంటే మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో తెలుగు రాష్ట్రాల నంబరు ప్లేట్లున్న బైకులు, జీపులు విరివిగా కనిపిస్తాయి. ఆ దారిలో తాండి బంకు దగ్గర తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరించే బోర్డు యాత్రికులందరికీ పరిచయమే. దాన్ని చదివినవారు అదనంగా కొంత పెట్రోలు వెంట ఉంచుకోవాలనుకోవడం సహజం, వివేకం కూడా. ఆ పెట్రోలును దేనిలో పోసి తీసుకెళుతున్నారన్నదే నా ఆందోళన.

ఆ దారిలో వెళ్లినప్పుడల్లా నేను చూసింది కూల్‌డ్రింకు సీసాలను, వంటనూనె డబ్బాలనే. కారకుండా ఉంటుందని మూత కింద పాలిథిన్ కవరు ముక్క పెట్టి బిగిస్తారు, రబ్బరు తాళ్లతో కారియర్‌కు కడతారు, కిందనే సైలెన్సర్ కాలుతూ ఉంటుందన్న సంగతి పట్టించుకోరు. సర్చూ దగ్గర ఒక బృందం సామాను విప్పుతుండగా చూశాను. రెండు లీటర్ల సీసా ఒకటి పొట్ట ఉబ్బి, అడుగుభాగం బయటికి తన్నుకువచ్చి, నేల మీద నిలబెడితే నిలవడం లేదు. మూత అంచు నుంచి జారిన పెట్రోలుకు పక్కనున్న దుప్పట్ల మూట తడిసిపోయింది. ఆ మూటకు రెండు బారల దూరంలోనే టీ కోసం స్టవ్ వెలుగుతోంది.

సీసా అలా ఉబ్బడంలో వింతేమీ లేదు. తాండి నుంచి బయలుదేరిన బండి తంగ్లంగ్ లా కనుమ దగ్గర 5,300 మీటర్లకు పైన ఉంటుంది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగమే. కింద బిగించిన మూత లోపలి ఆవిరి, బయటి ఒత్తిడి తగ్గేకొద్దీ, మధ్యాహ్నపు ఎండ తోడయ్యేకొద్దీ సీసాను లోపలి నుంచి నెడుతూనే ఉంటుంది. చలి ప్రదేశం కాబట్టి అంటుకోదన్న ధీమా కూడా తప్పు, ఎందుకంటే సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు నుంచి అంటుకోగల ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక పైకి పోకుండా గుడారం నేల మీద, జీపు అడుగున పరుచుకొని నిప్పు కోసం కాచుకొని ఉంటుంది.

ఈ విషయంలో మన చట్టం చాలాకాలం క్రితమే స్పష్టత ఇచ్చింది. 1934 నాటి పెట్రోలియం చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం అమ్మకానికి కాకుండా సొంత అవసరానికి 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, తీసుకెళ్లవచ్చు. అయితే అది గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో ఉండాలి. గాజు, పింగాణీ పాత్రలైతే ఒక లీటరుకు, లోహపు పాత్ర అయితే 25 లీటర్లకు మించరాదు. ఆ జాబితాలో ప్లాస్టిక్ లేదు.

ఆచరణకు వచ్చేసరికి జరుగుతున్నది వేరు. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును కార్యాలయంలోనే పెట్రోలు పోసి చంపిన ఘోరం తరువాత తెలంగాణలో సీసాల్లో పెట్రోలు అమ్మకంపై కట్టడి పెరిగింది. ఆ కట్టడి సబబే, దాన్ని సడలించమని నేను కోరడం లేదు. కానీ సరైన ఉక్కు డబ్బా పట్టుకొని, గుర్తింపు కార్డు చూపించి అడిగినవారిని కూడా బంకుల్లో తిప్పి పంపుతున్నారు. దాంతో జనం బండి ట్యాంకు నిండా కొట్టించుకొని, ఊరు దాటాక రోడ్డు పక్కన ఆపి, రబ్బరు ట్యూబు దించి నోటితో పీల్చి సీసాల్లోకి తోడుకుంటున్నారు. అలా పీల్చేటప్పుడు కాస్త పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోయినా తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. మింగినవారి చేత వాంతి చేయించబోతే అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బంకులో సిబ్బంది కళ్లెదుట జరగవలసిన పని ఇలా ఎవరూ చూడని చోటికి మారింది.

అసలు ఎంత అదనంగా కావాలో లెక్క వేసుకునేవారు కూడా తక్కువే. 13 లీటర్ల ట్యాంకున్న బైకు ఘాట్ రోడ్డులో లీటరుకు 25 కిలోమీటర్లే ఇచ్చినా 325 కిలోమీటర్లు వస్తుంది. ఐదు లీటర్లు అదనంగా ఉంటే దారి తప్పినా, వెనక్కి మళ్లవలసి వచ్చినా చాలు. 50 లీటర్లకు పైబడిన ట్యాంకున్న జీపుకు ప్రధాన రహదారిలో అదనపు డబ్బా అవసరమే రాదు. రోడ్డు వదిలి ఇసుకలో, రాళ్లలో ఫోర్‌వీల్ వేసుకొని సో మొరిరి, హాన్లే వైపు తిరిగేవారి సంగతి వేరు, ఎందుకంటే అక్కడ మైలేజీ బాగా పడిపోతుంది. అలాంటివారు 20 లీటర్ల డబ్బాను పైకప్పు మీదికి ఎక్కిస్తే పదిహేను కిలోలకు పైగా బరువు పైకి చేరి వాలుదారిలో బండి తూలుతుంది. మనుషులు కూర్చునే చోట పెడితే ఆవిరి వారి ముక్కుకే తగులుతుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మన్ సైన్యం కోసం తయారైన 20 లీటర్ల జెర్రీ క్యాన్ అనే ఉక్కు డబ్బా నమూనాకు ఇప్పటికీ సాటి లేదంటే అతిశయోక్తి కాదు. దాని పైన మూడు పిడులు ఉంటాయి కనుక నిండు డబ్బాను ఇద్దరు పంచుకొని మోయవచ్చు, ఖాళీ డబ్బాలు రెండింటిని ఒకరే ఒక చేత్తో పట్టుకోవచ్చు. మూత లివరుతో బిగుసుకుంటుంది. పెట్రోలు వ్యాకోచించినా సరిపోయేలా పైన గాలికి చోటు మిగులుతుంది. నింపేటప్పుడు మాత్రం దాన్ని బండిలో ఉంచకుండా నేల మీద పెట్టి, నాజిల్‌ను డబ్బా మూతికి తగిలించి నింపాలి, లేకుంటే స్థిర విద్యుత్తు నిప్పురవ్వగా మారవచ్చు. ఆన్‌లైన్‌లో అదే ఆకారంలో దొరికే ప్లాస్టిక్ డబ్బాలను చూసి మోసపోవద్దని తోటి యాత్రికులకు మనవి.

పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదించిన లోహపు డబ్బా తెచ్చినవారికి, పేరు, బండి నంబరు రిజిస్టరులో రాసుకొని, పరిమితికి లోబడి పెట్రోలు పోయాలని పౌర సరఫరాల శాఖ, పోలీసు శాఖ బంకులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. లద్దాఖ్ యాత్రలు నిర్వహించే సంస్థలు, రైడింగ్ క్లబ్బులు ప్లాస్టిక్ సీసాతో వచ్చినవారిని బయలుదేరే ముందే ఆపాలి. చమురు సంస్థలు తాండి బంకులో డిపాజిట్ తీసుకొని ఉక్కు డబ్బా ఇచ్చి, లేహ్‌కు ముందున్న కారూ బంకులో దాన్ని తిరిగి తీసుకొనే ఏర్పాటు వచ్చే యాత్రా కాలానికైనా ప్రారంభించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్