పదహారు చానెళ్ల మిక్సరు, రెండే ట్రాకులు

సంపాదకులకు,

రాజమండ్రిలోనో భీమవరంలోనో కొట్టుకెళ్లి రికార్డింగుకి మిక్సరు (మైకుల శబ్దాలన్నీ కలిపే యంత్రం) కావాలంటే ముందు వినబడే మాట ‘ఎన్ని చానెళ్లదండీ?’ అని. దానికి జవాబు చెప్పి 16 చానెళ్లది మోసుకొచ్చి, యూఎస్‌బీ తగిలించాక కంప్యూటర్లో రెండే ట్రాకులు కనబడి బుర్ర గోక్కునే కుర్రాళ్లు డెల్టాలో చాలామందే ఉన్నారు. సరుకులో లోపమేమీ లేదు, తయారీయే అంత. చానెలంటే ఒక మైకు లోపలికొచ్చే దారి, ట్రాకంటే కంప్యూటర్లో విడిగా పడే రికార్డు; ఈ మిక్సరు చానెళ్లన్నీ కలిపేసి రెండుగానే పంపుతుంది. 16 బోదెల నీళ్లు ఒకే డ్రెయిన్లో కలిశాక ఏ చేను నీళ్లు ఏవో చెప్పలేం కదా, ఇదీ అంతే. మర్నాడు డోలు ఒక్కటి తగ్గించమని రికార్డు చేయించుకున్న పార్టీ అడిగితే చేయగలిగింది ఏమీ ఉండదు.

డబ్బాల మీద పేర్లు కూడా తికమక పెడతాయి. యమహా ఎంజీ16ఎక్స్‌యూ లైవ్‌కి మంచి మిక్సరే. కానీ యూఎస్‌బీలో దాన్నుంచి వెళ్లేవి రెండు, వచ్చేవి రెండు. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 కూడా రెండే. అదే పేరు చివర ఎంటీకే అని ఉంటే కంప్యూటర్‌లోకి 14 విడివిడిగా వెళ్తాయి. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, తేడా ఆ మూడక్షరాల్లోనే. బెరింజర్ ఎక్స్ఆర్18లో 18, ఎక్స్32లో 32.

అసలు మిక్సరు అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. ముందే తయారైన సంగీతం మీద ఒక గొంతు పాడించి పంపే పనే ఎక్కువైతే (క్రిస్మస్ పాటలు, అయ్యప్ప పాటలు, ఎన్నికల పాటలు చాలావరకు ఇంతే) రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె) చాలు. మిగిలిన డబ్బు మైకు మీదా గది మీదా పెట్టొచ్చు. పెద్ద డెస్కు కనబడితే పార్టీకి గురి కుదురుతుందంటారు. అదీ నిజమే, కాదనం.

అందరూ కలిసి వాయిస్తేనే పండేవాటికి మాత్రం మిక్సరు ఉండాలి. బుర్రకథ దళాన్నే తీసుకోండి. కథకుడి గొంతు, ఇద్దరు వంతల గొంతులు, రెండు డక్కీలు, తంబురా కలిపి 6 మైకులు. గది గాలి పట్టడానికి ఇంకో రెండు. మొత్తం 8 ట్రాకులు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే గంటకి 4 జీబీ పైచిలుకు ఫైళ్లవుతాయి. ముగ్గురూ హెడ్‌ఫోన్లో ఎవరికి కావాల్సింది వాళ్లు వినాలంటే 3 ప్రీ-ఫేడర్ ఆక్స్‌లు (ఫేడరు, అంటే శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట, కదిపినా మారకుండా హెడ్‌ఫోన్లకి విడిగా పంపే దారులు) కావాలి. చిన్న మిక్సర్లలో ఆక్స్‌లు రెండే ఉండి, వాటిలో ఒకటి ఎఫెక్టులకే పోతుంది. చానెళ్లు సరిపోయినా చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

కొట్టుకెళ్లేటప్పుడు సొంత ల్యాప్‌టాప్, సొంత హెడ్‌ఫోను, ఒక డైనమిక్ మైకు, మామూలు మల్టీమీటరు పట్టుకెళ్లాలి. మిక్సరు డ్రైవరు (ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ఇంటి దగ్గరే వేసుకోవాలి. ఒక్కొక్క చానెల్లో మైకు గుచ్చి దాని నంబరు చదువుతూ పోతే ఏది ఏ ట్రాకులో పడుతోందో తెలిసిపోతుంది. ఆ చదివేటప్పుడే ట్రెబుల్ నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాలి. రికార్డయినదాంట్లో మార్పు లేకపోతే ట్రాకు ఈక్వలైజర్ (ట్రెబుల్, బాస్ దిద్దే భాగం) కంటే ముందే విడిపోతోందని అర్థం. కొత్తవాళ్లకి ఇదే మేలు, తప్పు తిప్పినా తర్వాత దిద్దుకోవచ్చు.

ఆ తర్వాత మైకును తువ్వాల్లో చుట్టి గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) మెల్లగా పెంచుతూ వినాలి. సన్నటి సొద ప్రతి ప్రీయాంపులోనూ (ఆ పెంచే పని చేసే భాగంలో) ఉంటుంది. చివరి పావు వంతులో అది ఒక్కసారిగా ఎగదన్నితే వీణకీ మెత్తగా పాడే గొంతుకీ ఆ మిక్సరు పనికిరాదు. డోలుకి ఆ గొడవే లేదు, దానికి కావాల్సింది ప్యాడ్ స్విచ్ (లోపలికొచ్చే శబ్దాన్ని ముందే తగ్గించేది). ప్యాడ్ లేకపోతే గెయిన్ పూర్తిగా తగ్గించినా దెబ్బదెబ్బకీ ఎర్ర లైటు వెలగొచ్చు, అంటే శబ్దం చెడిపోతున్నట్టే. సన్నాయి మేళం రికార్డు చేసేవాళ్లు ఇది మరిచిపోకూడదు.

సెకండ్ హ్యాండ్‌దైతే ఫాంటమ్ (మైకుకి మిక్సరు పంపే కరెంటు) వేసి ప్రతి మైకు సాకెట్లో మల్టీమీటరు పెట్టాలి. సాకెట్లోని మూడు పిన్నుల్లో 1కీ 2కీ మధ్య, 1కీ 3కీ మధ్య 48 వోల్టులు చూపాలి, నాలుగు అటూ ఇటూ ఉండొచ్చు. 2కీ 3కీ మధ్య ఇంచుమించు సున్నా ఉండాలి. ఒక పిన్ను తక్కువ చూపితే లోపల రెసిస్టరో సోల్డరో పోయిందన్నమాట. మోటారు ఫేడర్లున్న డిజిటల్ మిక్సరైతే రెండు సీన్లు (ఫేడర్లన్నీ ఎక్కడున్నాయో గుర్తుంచుకునే సెట్టింగులు) సేవ్ చేసి, ఇరవైసార్లు అటూ ఇటూ మార్చి చూడాలి. ఏ ఫేడరైనా గమ్యం దగ్గర వణికితే, ఆగాల్సిన చోట ఆగకపోతే ధర తగ్గించమనడానికి అది చాలు.

ఇక కరెంటు. రొయ్యల చెరువుల ఏరేటర్లు నడిచే ఫీడర్ల మీద వోల్టేజీ ఊగుతూ ఉంటుంది. ఆ కుదుపుకి డిజిటల్ మిక్సరు రీస్టార్ట్ అయితే టేకు గోవిందా. ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంటులాగే నున్నటి కరెంటిచ్చే) యూపీఎస్ లేకుండా డిజిటల్ జోలికి వెళ్లొద్దు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎర్తింగు బాగుచేయించాలి. ఉప్పు నేలల్లో జీఐ (జింకు పూత ఇనుప) పైపును తుప్పు త్వరగా తినేస్తుంది, రాగి పూత కడ్డీ నయం.

స్పీకర్లో హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే వేర్వేరు దారుల్లో ఎర్త్ కలిసి చుట్టు తిరగడం. కంప్యూటర్, మిక్సరు, స్పీకర్లు అన్నీ ఒకే పవర్ స్ట్రిప్ మీదకి తెస్తే చాలాసార్లు పోతుంది. పోయేది హమ్ ఒక్కటే కదా అని ప్లగ్గు మూడో పిన్ను (ఎర్త్‌ది) విరగ్గొట్టే అలవాటు మన దగ్గర గట్టిగా ఉంది. చేతిలో గిటారు, పెదవులకి ఆనిన మైకు, కాళ్ల కింద తడి గచ్చు. ఆ పిన్ను లేకపోతే ఆ మనిషి ప్రాణం మీదకి వస్తుంది. యూఎస్‌బీ తీగ మధ్యలో పెట్టే చవక ఐసొలేటర్లు కూడా ఈ హమ్‌కి మందు కాదు. అవి సెకనుకి 12 మెగాబిట్లు మోస్తాయి, 16 ట్రాకులకి 18 పైన కావాలి.

చెమ్మ సంగతీ చూసుకోవాలి. ఏసీ గదిలో చల్లబడ్డ మిక్సరును కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లి అక్కడ మూత తీయగానే ఆన్ చేస్తే, లోపల పట్టిన చెమటతో ఆన్ చేసినట్టే. పెట్టె మూత తీయకుండా గంటసేపు వదిలేయాలి. ఫేడరు గరగరమంటే మెకానిక్ షాపులోని తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు, దాని జిడ్డుకి దుమ్ము అంటుకుంటుంది. కాంటాక్ట్ క్లీనరు, ఆపైన ఫేడర్ లూబ్ ఒక చుక్క.

మా విన్నపం దుకాణదారులకి. ధర చీటీ మీద చానెళ్ల పక్కనే ‘కంప్యూటర్‌లోకి వెళ్లే ట్రాకులు’ అని ఇంకో అంకె రాయండి. ముద్ర లోను కోసం ఇచ్చే కొటేషన్లోనూ అదే రాయండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన వాళ్లకి ఒక ప్లగ్గూ, ఓ అరగంటా ఇవ్వండి.

ఇట్లు,
రికార్డింగు, లైవ్ సౌండు పనిచేసే కొందరం,
అమలాపురం