పోటీకి వెళ్లే పిల్లల దారి ఖర్చు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను ఉత్తరాంధ్రలోని ఒక మండల కేంద్రంలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎన్‌ఎంఎంఎస్ అనే, పేద ఇళ్ల ప్రతిభావంతులకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్షకు కూర్చునే ఎనిమిదో తరగతి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పడం, పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయిని) మేడం గారికి తోడు కావలసినప్పుడు పోటీలకు వెళ్లే జట్టుతో బస్సెక్కడం నాకు ఇప్పటికీ తప్పని పనులు. బడి భవనాల గురించీ, ఉపాధ్యాయుల ఖాళీల గురించీ తమకు విన్నవించేవారు చాలామంది ఉన్నారు. నేను విన్నవించదలచినది అంతకంటే చిన్న సంగతి. మా వంటి చిన్న ఊళ్ల పిల్లలు ఆటలోనో, సైన్సు ప్రదర్శనలోనో, స్కాలర్‌షిప్ పరీక్షలోనో నెగ్గి మండలం దాటి జిల్లాకు, జిల్లా దాటి రాష్ట్రానికి వెళ్లేటప్పుడు మధ్యలో అయ్యే ఖర్చూ, పడే శ్రమా ఎవరి బాధ్యతో ఎక్కడా తేలడం లేదు.

ముందుగా ఒక ఉదయం సంగతి చెబుతాను. మా అండర్-17 బాలికల ఖోఖో జట్టు జిల్లా పోటీలకు వెళ్లవలసిన రోజు అది. తెల్లవారి ఐదున్నరకే పన్నెండుగురు ఆడపిల్లలు ఆర్టీసీ కాంప్లెక్సులో సిమెంటు బల్లల మీద వరుసగా కూర్చున్నారు. బూట్లు ఇద్దరికే ఉన్నాయి, మిగతావాళ్లు చెప్పులతో వచ్చారు. ఒక అమ్మాయి తల్లి పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపి తెచ్చి, ‘అందరికీ సరిపోద్ది మాస్టారూ’ అంటూ నా చేతికిచ్చింది. పీఈటీ మేడం లైటు స్తంభం కింద నిలబడి, ఎంట్రీ ఫారాలు ఒక్కొక్కటే తిప్పుతూ, ఫొటోల మీద హెచ్‌ఎం గారి సంతకం, స్టాంపు పడ్డాయో లేదో చూసుకుంటున్నారు. ఒక అమ్మాయి పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకలా, బడి అడ్మిషన్ రిజిస్టరులో మరోలా ఉన్న సంగతి అప్పుడు బయటపడింది. అక్కడ ఆడనిస్తారో లేదో తెలియకుండానే ఆ పిల్లనూ బస్సెక్కించాం. ఆడనివ్వలేదు. మిగిలిన పదకొండుగురు రెండో రౌండులో ఓడిపోయారు. వాళ్లు తిరుగు ప్రయాణమంతా అంత్యాక్షరి ఆడుకుంటూనే వచ్చారు గానీ, ఆడలేకపోయిన పిల్ల కిటికీ పక్కన కూర్చుని ఊరు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రోజు ఖర్చు నా డైరీలో ఉంది. రెండు ఆటోలకు రానూపోనూ 640 రూపాయలు, పద్నాలుగు మందికి మధ్యాహ్నం భోజనాలు 1,120, సాయంత్రం టీ, బన్నులు 210, జిరాక్సులు 40, వెరసి 2,010. టిఫిన్ ఖర్చు ఆ తల్లి పులిహోర పుణ్యమా అని తప్పింది. బస్సు ఛార్జీ కూడా తప్పింది, ఎందుకంటే 2025 ఆగస్టు 15న మొదలైన, ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వల్ల కండక్టరు ఆడపిల్లలకు సున్నా టికెట్లు కొట్టి ఇచ్చారు. ఈ పథకాన్ని ఎవరు ఏ కోణంలోంచి చూసినా, బడి ఆటల కోణంలోంచి చూస్తే ఇది చాలా పెద్ద మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఇదివరకు ఆడపిల్లల జట్టును పంపాలంటే ముందు బస్సు డబ్బుల గురించే ఆలోచించేవాళ్లం. మిగిలిన 2,010 రూపాయలను మాత్రం పీఈటీ మేడం తన జీతంలోంచే పెట్టుకున్నారు. తిరిగి వస్తాయన్న ఆశ ఆవిడకూ లేదు, నాకూ లేదు.

మగపిల్లల సంగతి వేరు. వాళ్లకున్న బస్సు పాసు ఊరికీ బడికీ మధ్యనే చెల్లుతుంది తప్ప జిల్లా కేంద్రానికి చెల్లదు. కబడ్డీ జట్టు బయలుదేరాలంటే కిరాణా కొట్టు, మందుల షాపు, ఎరువుల దుకాణం వరసగా తిరిగి చందా అడగవలసిందే. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తున్నారు, కాదనను. కాకపోతే జట్టు గెలిచి వచ్చాక కట్టే ఫ్లెక్సీలో దాతల ముఖాలు పెద్దవిగానూ, ఆడిన పిల్లల ముఖాలు కింద వరసలో తపాలా బిళ్లలంతగానూ ఉంటున్నాయి.

సమగ్ర శిక్ష అనే కేంద్ర పాఠశాల విద్యా పథకం కింద క్రీడల గ్రాంటు ఉంది కదా అని తమ అధికారులు తమకు చెప్పవచ్చు. ఉన్నమాట నిజమే. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఇవ్వవచ్చు. అయితే ఆ గ్రాంటు ఆట సామగ్రి కోసం ఉద్దేశించినది. దానితో బంతి కొనవచ్చు, నెట్టు కొనవచ్చు గానీ, ఆ బంతితో ఆట నేర్చుకున్న పిల్లవాణ్ణి పోటీకి తీసుకువెళ్లే ఆటోకు అందులోంచి ఒక్క రూపాయి రాయడానికి ఏ హెచ్‌ఎం గారికీ ధైర్యం చాలదు. ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాసి రాసి అలసినవాణ్ణి గనుక వారిని నేను తప్పు పట్టలేను.

ఈ రెండు వేల రూపాయలు ఎంత పెద్దవో చెప్పడానికి ఒక అమ్మాయిని తలచుకుంటాను. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెలోని పరుగును మొదట గుర్తించినది బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. శిక్షణకు హైదరాబాదు పంపమని అడిగినప్పుడు బస్సు టికెట్టుకు కూడా ఇంట్లో డబ్బు లేదన్న సంగతి పతకం వచ్చాక పత్రికల్లో చదివాం. ఆ టికెట్టు దగ్గర ఆగిపోయిన వేరే పిల్లల గురించి ఏ పత్రికా రాయదు, రాయడానికి వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఒక సంస్థ బాధ్యత తీసుకుంటే ఏమవుతుందో కూడా మన కళ్ల ముందే ఉంది. 2014 మే 25న, రాష్ట్ర విభజనకు ఎనిమిది రోజుల ముందు, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి రాతిగుట్ట మీద తొలి శిక్షణ నుంచి శిఖరం దాకా ఖర్చు వాళ్ల తల్లిదండ్రుల మీద పడలేదు.

అంత దూరం పోనక్కరలేదు. మా పక్కనే నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. వెయిట్ లిఫ్టింగ్‌కు పేరుపడిన ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో వెండి పతకం అందుకున్న మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. ఇటు ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. కొండవెలగాడ పిల్లలు బరువులెత్తడం నేర్చుకున్నది పక్కింటి అక్కను చూసి. ఎదురుగా ఒకరు వెళ్లి వస్తూ ఉంటే వెనక పదిమంది బయలుదేరతారు. మా బడిలో ఖోఖో ఆడేవాళ్లు పెరిగినదీ ఆ పన్నెండుగురు బస్సెక్కి వెళ్లడం చూసిన తరువాతే, వాళ్లు ఓడి వచ్చినా సరే.

ఆటల్లో ఒక తీరైతే సైన్సు ప్రదర్శనల్లో మరో తీరు. ఇన్‌స్పైర్ మనక్ అనే కేంద్ర పథకం కింద ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. చాలా మంచి పద్ధతి. మా బడిలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి చింతపండులోంచి పిక్క తీసే సాధనం ఆలోచించింది. వాళ్ల అమ్మా, అమ్మమ్మా వేసవి పొడుగునా చింతకాయలు కొడుతూ వేళ్లు చితక్కొట్టుకోవడం చూసి పుట్టిన ఆలోచన అది. రెండు చెక్కలు, ఒక తలుపు బందు, పాత సైకిలు స్ప్రింగు పెట్టి చేసిన మొదటి నమూనాలో పిక్క ఎగిరి నా కళ్లద్దాలకు తగిలింది. ఎంపికైంది, అందరం సంతోషించాం. తీరా చూస్తే ఆ పిల్ల ఖాతా వాడకంలో లేదని స్తంభించిపోయి ఉంది. ఆధార్‌లో ఇంటి పేరు ముందు, ఖాతాలో వెనక. బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగేసరికి వాళ్ల అమ్మకు నాలుగు రోజుల కూలి పోయింది. మా సైన్సు మాస్టారు తన డబ్బుతో వడ్రంగి చేత నమూనా చేయించి జిల్లా ప్రదర్శనకు పంపారు. ప్రదర్శన ముగిసిన రెండు నెలలకు ఖాతా తెరుచుకుంది.

ఎన్‌ఎంఎంఎస్ విషయంలో నా ఆవేదన ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ పిల్ల గెలిచిన తరువాత ఓడిపోతోంది. మ్యాట్ (మానసిక సామర్థ్యం), శాట్ (పాఠ్యాంశాల ప్రతిభ) అని రెండు పేపర్లు, ఒక్కొక్కదానిలో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఏడాదికి 3,50,000 రూపాయలకు మించని ఆదాయం గల ఇళ్ల పిల్లలకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 చొప్పున మొత్తం 48,000 రూపాయలు వచ్చే అవకాశం. కానీ ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలి, పదో తరగతిలో కనీసం 60 శాతం రావాలి, ఆ తరువాత ప్రైవేటు కాలేజీలో చేరకూడదు. ఈ మూడో నియమం దగ్గరే మా పిల్లలు జారిపోతున్నారు. ఇంటర్‌లో చేరే వేళకు పిల్ల హైస్కూలు చేతిలోంచి వెళ్లిపోయి ఉంటుంది, చేర్చుకునే కాలేజీకి ఆ పిల్ల స్కాలర్‌షిప్ విద్యార్థి అని తెలియదు, ఇంటికి వచ్చి ఫీజు రాయితీ ఆశ చూపే ప్రైవేటు కాలేజీ పీఆర్‌ఓకు తెలిసినా చెప్పడు. మిగిలిన 24,000 ఆ విధంగా పోయిందని తండ్రికి తెలిసేసరికి కాలేజీలో మొదటి ఏడాది గడిచిపోతోంది.

2025 జూన్‌లో షైనింగ్ స్టార్స్ పేరుతో పదో తరగతి, ఇంటర్ ప్రతిభావంతులకు తమ ప్రభుత్వం చేసిన సత్కారం చూసి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంతకు ముందు ప్రభుత్వం ఆణిముత్యాలు అన్న పేరుతో చేసినదీ అటువంటిదే. పేరేదైనా కొలత మాత్రం మార్కులే. కేరళ 1957 నుంచి పాఠశాల కళోత్సవం నడుపుతోంది, వచ్చిన పిల్లల బసకూ భోజనానికీ కమిటీలు వేసి ఏర్పాట్లు చేస్తుంది, నెగ్గినవాళ్లకు పరీక్షల్లో గ్రేస్ మార్కులు ఇస్తుంది. అవే మార్కుల కోసం తల్లిదండ్రులు కోర్టులకెక్కిన సందర్భాలూ అక్కడ ఉన్నాయి కాబట్టి మార్కుల మాట మనం అలాగే తెచ్చుకోవాలని అడగను. భోజనం, బస మాట మాత్రం అడుగుతాను.

నా మనవి ఇది. క్రీడల, ప్రదర్శనల ప్రయాణ ఖర్చుకు సామగ్రి గ్రాంటుతో సంబంధం లేని ఒక పద్దు పెట్టి, ఆ డబ్బు జూలై ముగిసేలోగా ప్రతి మండలానికీ చేరేటట్టు చూడండి. ఖర్చుపెట్టి బిల్లులు పెట్టుకోండి, తరువాత ఇస్తామన్న పద్ధతి పీఈటీల జేబు మీదే నడుస్తుంది గనుక ముందుగా ఇచ్చే అడ్వాన్సే కావాలి. పోటీ రోజున హెచ్‌ఎం గారి సంతకం ఉన్న ఎంట్రీ ఫారం చూపిన మగపిల్లలకూ ఆర్టీసీ సున్నా టికెట్టు ఇచ్చేలా రవాణా శాఖ వారితో మాట్లాడండి. ఆడపిల్లల జట్టు వెంట ఒక ఉపాధ్యాయిని తప్పనిసరిగా వెళ్లాలి. మా బడిలో పీఈటీయే మేడం కావడం మా అదృష్టం, అలా లేని బడుల్లో వెంట వెళ్లే టీచరుకు ఓడీ (డ్యూటీలో ఉన్నట్టు లెక్క) ఇవ్వడంతో పాటు ఆ రోజు ఆమె క్లాసులు ఎవరు చూడాలో కూడా ఉత్తర్వులోనే రాయించండి. ఎన్‌ఎంఎంఎస్‌కు ఎంపికైన పిల్లల జాబితా పదో తరగతి ఫలితాల నాటికి ప్రభుత్వ జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంటే సగం నష్టం ఆగుతుంది. మెగా పీటీఎం, అంటే తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం రోజున తల్లిదండ్రులందరూ ఎలాగూ వస్తున్నారు. పుట్టిన తేదీలు, ఇంటి పేర్లు, స్తంభించిన ఖాతాలు సరిచేసే ఒక బల్ల ఆ రోజు బడి వరండాలోనే వేయించవచ్చు, ఎవరికీ కూలి పోదు. ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ గుర్తింపు సంఖ్య కింద చదువుతో పాటు ఆటపాటల్లో సాధించినవీ నమోదవుతాయని కేంద్రం చెప్పింది గనుక, గెలిచినవాళ్లనే కాక ఆడి వచ్చినవాళ్లనూ అందులో రాయించండి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని నాకు తెలుసు. ముందుగా ఆ వరండా బల్ల సంగతి చూడండి. ఆనాడు కిటికీ పక్కన కూర్చున్న పిల్ల ఇప్పుడు పదో తరగతికి వచ్చింది, రోజూ సాయంత్రం మైదానానికి వస్తోంది, ఆమె పుట్టిన తేదీ ఇంకా రెండు చోట్ల రెండు రకాలుగానే ఉంది. మండల సెలక్షన్లు వర్షాలతో పాటే మొదలవుతాయి.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు